నీడకు మాట లేదు

ధబ్. ధబ్ ధబ్. ధబ్.

మెట్లు దిగుతుండగానే ఆ చప్పుడు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా పాకింది. బయటి మధ్యాహ్నపు ఎండ ఇంకా కళ్లలో తెల్లగా మండుతోంది. కింద ఏముందో, ఎవరున్నారో ఏమీ కనిపించలేదు. చప్పుడు మాత్రం పెరుగుతోంది.

"తల వంచు, దూలం ఉంది" అన్నాడు అన్నయ్య.

వంచాను. తల వంచడం నాకు కొత్త కాదు.

చీకటికి కళ్లు అలవాటు పడ్డాక ఒక్కొక్కటీ తేలింది. అది బట్టల దుకాణం కింద ఉన్న గోదాము. ఆదివారం పైన దుకాణానికి సెలవు గనక కింద మాకు చోటు. గోడ వారగా చీరలు కట్టి చూపించే బొమ్మలు, ఒక్కదానికీ తల లేదు. ఎవరో ఒక బొమ్మ మెడ మీద టోపీ పెట్టారు. నలభై యాభై మంది, కరెంటు పని చేసేవాళ్లు, నర్సులు, జెరాక్సు షాపు పిల్లలు, కాలేజీ మానేసినవాళ్లు, గోడలకు ఆనుకుని నేలను కాళ్లతో తన్నుతున్నారు. చప్పట్లు కొడితే వెంటిలేటర్లోంచి వీధికి వినిపిస్తుంది. కాలి చప్పుడు మాత్రం భూమిలోకి పోతుంది. అందుకే ఇక్కడ మెప్పయినా తిట్టయినా మడమతోనే.

మధ్యలో దర్జీ సుద్దతో గీసిన చతురస్రం. దాన్ని అందరూ 'నేల' అంటారు. దానిలోకి ఇద్దరు దిగుతారు. పాట ఉండదు, వాద్యం ఉండదు, మైకు ఉండదు. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ, లయ తప్పకుండా, ప్రాస తప్పకుండా, మాటలతో కొట్టాలి. చెరి రెండు రౌండ్లు. రౌండుకు మూడు నిమిషాలు. లెక్కల ట్యూషన్లు చెప్పే మాస్టారు ఒకాయన చేతిగడియారంతో నడిపిస్తాడు. చివర ఎవరికి ఎక్కువ కాళ్లు మోగితే వాళ్లు గెలిచినట్టు.

"వచ్చాడ్రా హారన్!" అన్నారెవరో.

అన్నయ్యను ఇక్కడ అలాగే పిలుస్తారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కార్ఖానాలో వ్యాను నడుపుతాడు. మురికి మూటలు తెస్తాడు, ఉతికిన మూటలు దింపుతాడు. నేనూ అక్కడే, మడతలు పెట్టే విభాగంలో. రోజుకు ఆరేడు వందల దుప్పట్లు నా చేతుల మీదుగా పోతాయి. రెండు మూలలు కలపడం, చాచడం, మడవడం, మళ్లీ మడవడం. ఆ నాలుగు కదలికల లయలోనే నాకు వాక్యాలు పుడతాయి. భోజనం వేళ వాటిని నోటుబుక్కులో పెడతాను. అన్నయ్య నేల మీద చెప్పే ప్రతి పాదం అలా పుట్టిందే. నేను రాస్తాను, ఒకసారి చదివి వినిపిస్తాను. అతడికి గొంతుంది, ధైర్యముంది, పట్టుకుంటే వదలని జ్ఞాపకముంది. నాకు నలుగురు చూస్తుంటే నాలుక అంగిలికి అంటుకుపోతుంది. ఈ ఏర్పాటు మా ఇద్దరికే తెలుసు.

ఇవాళ్టి ఎదుటి మనిషిని ఇక్కడ టికెట్ అంటారు. బస్సు కండక్టరు, నాకన్నా నాలుగేళ్లు పెద్దది. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నవ్వుతూ నిలబడింది.

"ఏం హారన్ అన్నా, చెల్లెల్ని తెచ్చావా? ఏడిస్తే ఓదార్చడానికా?"

"నీకు ఓదార్చేవాళ్లు లేరని జాలేసి తెచ్చానమ్మా."

కాళ్లు మోగాయి. మాస్టారు చెయ్యెత్తాడు.

"గోల చాలు. నీడలు వెనక్కి."

నేల మీదికి దిగిన ప్రతి మనిషి వెనకా ఒక నీడ నిలబడాలి. నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకోవాలి, అంతే. ఒకప్పుడు వెనకాల నుంచి మాటలు అందించి గెలిపించేవారట. అప్పటినుంచి నీడకు మాట లేదు. నీడ నోరు తెరిస్తే ఆ మనిషి ఓడినట్టే, ఆ నేల మీద మళ్లీ ఎప్పటికీ అడుగు పెట్టకూడదు. నాకు అంతకన్నా తగిన ఉద్యోగం ఉంటుందా? సీసా పట్టుకుని అన్నయ్య వెనక నిలబడ్డాను.

మొదటి రౌండు అన్నయ్యది.

"ముందుకు జరగండి, ముందుకు జరగండని రోజంతా నీ అరుపు,
మూడేళ్లయినా మెట్టు దాటవు, నీది ఏమిటమ్మా మెరుపు?
చిల్లర లేదంటూ జనాన్ని దిగేదాకా తిప్పుతావు,
చిల్లర మాటల మూట మాత్రం అడక్కుండానే విప్పుతావు!"

ధబ్ ధబ్ ధబ్. బొమ్మ మీది టోపీ జారి పడింది. మంగళవారం ఉదయం పదో దుప్పటి దగ్గర తట్టిన ప్రాస అది. నా ఒళ్లంతా వెచ్చబడింది, ముఖం మాత్రం నీడ ముఖంలాగే ఉంచాను.

టికెట్ తొణకలేదు. తన వంతు రాగానే మెల్లగా మొదలుపెట్టింది.

"హారనంటే ఏమిటన్నా? బండి కదలనప్పుడు మోగేది,
లోపల ఇంజను లేనోడికి బయట గొంతే సాగేది.
గంజి పెట్టిన చొక్కావు నువ్వు, నిలబడతావు నిటారుగా,
గట్టి చినుకు ఒక్కటి పడనీ, జారిపోతావు జావగా!"

ఈసారి పైకప్పు దుమ్ము రాలింది. "జావ! జావ!" అని వెనక ఒకడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. అంతవరకు అది ఆటే.

రెండో రౌండులో వరస తిరగబడుతుంది, ముందు టికెట్. ఆమె సుద్దగీత దాకా నడిచి, అన్నయ్య చొక్కా గుండీ మీద వేలు ఆనించినంత దగ్గరగా నిలబడింది. నవ్వు పోయింది.

"ఇది జోకు కాదన్నా. కాదనాలనిపిస్తే ఆ ఒక్క మాట నీకుంది, తెలుసుగా?"

అన్నయ్య తలూపాడు. ఇక్కడ ఎదుటి మనిషి గురించి ఏదైనా తవ్వొచ్చు, ఏదైనా అనొచ్చు. అన్నది నిజం కాకపోతే 'అబద్ధం' అని ఒక్క మాట అంటే చాలు, మాస్టారు గడియారం ఆపేస్తాడు. చెప్పినవాళ్లు రుజువు చూపించాలి. చూపించలేకపోతే అక్కడికక్కడే ఓటమి.

"మీ అమ్మ చెయ్యి లాక్కున్న రోలరుకి కడ్డీ లేదు,
లేదని తెలిసిన నీ నోరు ఆ రోజు ఎందుకు లేవలేదు?
తానే ఊడదీసిందంటూ కాగితం మీద రాశారు,
సాక్షి అన్నచోట నీ చేతే సంతకం గీయించుకున్నారు.
టైపు కొట్టింది మా పిన్ని, కళ్లారా చూసింది ఆ రోజు,
తలుపు మూసిన ఆఫీసులో నీకు వేసిన కుర్చీ మోజు.
అమ్మ పోయిన నెల తిరక్కుండా చేతికొచ్చింది తాళం,
ఆ బండి హారను మోగిందంటే అది మీ అమ్మ చావు మేళం!"

ఒక్క కాలూ కదలలేదు.

మాస్టారు గడియారం మీద బొటనవేలు ఆనించి అన్నయ్య వంక చూశాడు. టికెట్ కూడా చూసింది. గోదామంతా ఆ ఒక్క మాట కోసం చూసింది. నేను అతడి వీపు వైపు చూశాను. చొక్కా రెండు భుజాల మధ్య తడిసి అంటుకుపోయింది. అను, అన్నయ్యా. మూడక్షరాలు. అను.

అతడు అనలేదు.

అమ్మ పని చేసింది రెండో రోలర్ మీద. తడి దుప్పటిని ఆవిరితో కాగే ఇనుప దుంగల మధ్యకు తోస్తే అవతలికి ఇస్త్రీ అయి వస్తుంది. దుంగలకు ముందు ఒక అడ్డకడ్డీ ఉండాలి. చెయ్యి దానికి తగిలితే యంత్రం ఆగిపోవాలి. వానాకాలంలో ఆ కడ్డీ విరిగింది. బాగు చేయిస్తామని తీసుకుపోయారు. ఐదు నెలలు ఖాళీగా ఉంది ఆ చోటు. అమ్మ వెళ్లి మూడుసార్లు అడిగింది, నేను పక్కనే ఉన్నాను. "పని ఆపమంటావా ఏంటమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు.

అమ్మ ఆసుపత్రిలో ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ నేను మంచం పక్కన కదల్లేదు. ఆఫీసు పనులన్నీ అన్నయ్యే చూసుకున్నాడు. తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. 'ఒక మహిళా కార్మికురాలు రక్షణ కడ్డీని తానే తొలగించి పనిచేసినందువలన.' సాక్షి సంతకం ఉందని రాశారు, పేరు మాత్రం వెయ్యలేదు. ఆ కాగితం ముందు నిలబడి ఏ ముండాకొడుకు పెట్టాడ్రా ఆ సంతకం అని నేను లోలోపల తిట్టిన తిట్లు, ఏడాదిగా, రోజూ, ప్రతి దుప్పటి మడతలో. ఆ తిట్లన్నీ అన్నయ్య రూపంలో రోజూ రాత్రి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాయి. "కూర కొంచెం వెయ్యవే" అన్నాయి.

అన్నయ్య వెనక్కి తిరిగి నీళ్లకోసం చెయ్యి చాచాడు. కళ్లు మాత్రం సీసా మీదే.

"ఇంటికెళ్లాక చెప్తానే" అన్నాడు పెదవులు కదపకుండా. "నీకోసమే చేశానే. నిన్ను కూడా తీసేస్తామన్నారు."

నేను జవాబు చెప్పకూడదు. నీడకు మాట లేదు గదా. అతడికి ఎంత హాయి! పుట్టినప్పటినుంచీ నా పక్కన అతడికి ఎంత హాయి! సీసా మూత నా అరచేతిలో గుచ్చుకుపోయింది. నన్ను తీసేస్తే తీసేయనీ. నన్ను అడిగాడా? ఊళ్లో దుప్పట్లు మడవడానికి ఇంకో చోటే లేదా? నా పేరు చెప్పి అమ్మను అమ్మేశాడు.

"హారన్, నీ వంతు" అన్నాడు మాస్టారు. గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కెం లేదు.

అతడి దగ్గర నేను రాసిచ్చిన రెండో రౌండు ఉంది. బస్సులో నిద్రపోయేవాళ్ల మీద, చిరిగిన టికెట్ల మీద జోకులు. ఇప్పుడు అవి చెబితే జనం ఉమ్మేస్తారు. అతడికి తెలుసు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. మూసుకుని, గొంతు దించి, మొదలుపెట్టాడు.

"తెల్లగా వెళ్లిన దుప్పటి ఎర్రగా తిరిగొచ్చింది,
తోడు వెళ్లిన చెయ్యొకటి దారిలోనే చచ్చింది."

ఆ పాదాలు నావే.

అది నేల కోసం రాసింది కాదు. ఎవరికోసమూ రాసింది కాదు. నా దిండు కింద నోటుబుక్కులో, చివరి పేజీలో, తలకిందులుగా రాసుకున్నది. అతడికి నేను చదివి వినిపించలేదు. అంటే తీశాడు. నేను స్నానానికి వెళ్లినప్పుడో, పనికి వెళ్లినప్పుడో తీసి చదివాడు. ఒకసారి చూస్తే చాలు అతడికి, మనసులో అచ్చు పడిపోతుంది.

"ఊళ్లో రోగులందరికీ పక్క పరిచిన మనిషికి
ఆరు రోజులు పక్క దొరికింది, అదీ చావడానికి."

గోడ వారగా ఉన్న నర్సు ముక్కు తుడుచుకుంది. ఇంకెవరో "అయ్యో" అన్నారు. అన్నయ్య గొంతు వణికింది. ఆ వణుకు దొంగది కాదు, నాకు తెలుసు. అదే నన్ను మరీ మండించింది. అతడికి దుఃఖం ఉంది. ఆ దుఃఖాన్ని నా మాటల్లో పెట్టి, తన సంతకం మీద కప్పుతున్నాడు. ఉతికిన దుప్పటి కప్పినట్టు.

తర్వాతి రెండు పాదాలు ఏవో నాకు తెలుసు. వాటి కోసం ఎదురుచూశాను. అవి చెబితే, ఆ రెండూ తన నోటితో తాను చెబితే, నేను నీడలాగే ఉండిపోయేదాన్నేమో.

అతడు ఊపిరి తీసుకున్నాడు. తీసుకుని, ఆ రెంటినీ దాటేసి, నేరుగా చివరికి వెళ్లిపోయాడు.

"అంకె వేసి రాశారమ్మా, యంత్రం పేర పిలిచారమ్మా,
గోడలారా, వినుకోండి, ఆమె పేరు..."

అక్కడ పేజీలో మాటలు లేవు. ఖాళీ ఉంది. నేను రాయలేకపోయాను. అమ్మ పేరు మేమెప్పుడూ పిలవలేదు, పిల్లలు పిలవరు గదా. నాన్న ఒక్కడే పిలిచేవాడు, గుమ్మంలో చెప్పులు విప్పుతూ. ఆయన పోయాక ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కార్ఖానాలో ఆమె 'రెండో రోలర్'. హాజరు పుస్తకంలో నలభై ఒకటి. ఏడాదిగా ఆ ఖాళీ ముందు కలం పట్టుకుని కూర్చుంటున్నాను.

అన్నయ్య ఆ ఖాళీని చిటికెలో నింపేశాడు.

"...అమ్మ!"

ప్రాస సరిగ్గా సరిపోయింది. గోదాము పగిలిపోయింది. ధబ్ ధబ్ ధబ్ ధబ్, ఏడుస్తూ తన్నుతున్నారు, అరుస్తూ తన్నుతున్నారు. అందరికీ అమ్మ ఉంటుంది. అందరూ ఎవరి అమ్మను వాళ్లు తలుచుకుని తన్నుతున్నారు. ఆ చప్పుడులో సంతకం మునిగిపోయింది, కడ్డీ మునిగిపోయింది, రెండో రోలర్ దగ్గర నిలబడి మూడుసార్లు అడిగిన మనిషి మునిగిపోయింది. టికెట్ తల దించుకుంది. మాస్టారు అన్నయ్య చెయ్యి పట్టుకుని పైకెత్తబోయాడు.

"రెండు పాదాలు మింగావు" అన్నాను.

నా గొంతు నాకే తెలియలేదు. గొంతు కాదు, ఏదో ఇనుము గీరుకున్నట్టుంది. ముందు వరసలో కాళ్లు ఆగాయి. వాళ్లను చూసి వెనకవాళ్లవి ఆగాయి.

అన్నయ్య తిరిగాడు. ఈసారి నా కళ్లలోకి చూడక తప్పలేదు.

"నోరు ముయ్యవే. గెలిచాం."

"ఎవరు గెలిచారు?"

"అమ్మాయ్, నువ్వు నీడవి" అన్నాడు మాస్టారు, కోపంగా కాదు, జాగ్రత్త చెబుతున్నట్టు. "ఇప్పటికే రెండు మాటలన్నావు. నేను వినలేదనుకుంటాను. ఇంకో మాటంటే మీ అన్న ఓడిపోతాడు. మళ్లీ ఈ మెట్లు దిగడు. తెలుసా?"

"తెలుసు మాస్టారూ."

"ఒసేయ్" అన్నాడు అన్నయ్య. గొంతు తగ్గించాడు, బతిమాలుతున్నాడు. "నాకు ఇదొక్కటేనే ఉంది. వారమంతా వాళ్ల మూటలు మోస్తాను. ఇక్కడొక్కచోటే నన్ను మనిషిలా చూస్తారు. ఇది తీసెయ్యకే."

అది నిజమే. అది నిజమని తెలిసే సీసా కింద పెట్టాను. సుద్దగీత దాటి నేల మీదికి వచ్చాను. యాభై మంది చూస్తున్నారు. నాలుక అంగిలికి అంటుకుంటుందని ఎదురుచూశాను. అంటుకోలేదు. లోపల అంత వేడి ఉన్నప్పుడు ఏదీ అంటుకోదు.

"ఇది నా పద్యం" అన్నాను. "మొదటి రౌండూ నాదే. మూడేళ్లుగా అన్నీ నావే. మీ ఇష్టం, నవ్వుకోండి. కానీ ఇందులో రెండు పాదాలు మా అన్నయ్య చెప్పలేదు. చెప్పలేడు. ఆ సంతకం ఎవరిదో నాకు తెలియనప్పుడు రాశాను."

అతడి ముందు నిలబడ్డాను, టికెట్ నిలబడ్డంత దగ్గరగా. అతడి చెంప మీద అమ్మ చెంప మీది పుట్టుమచ్చే ఉంటుంది. దాన్ని చూస్తూ చెప్పాను.

"ఆమెదే తప్పని కాగితం మీద ఏ చెయ్యి గీసిందో గానీ,
ఆ చెయ్యి కలిపే ప్రతి ముద్దలో ఆమె కాలిన వాసన రానీ."

అతడు కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తెలిసి చేశాడో తెలియక చేశాడో, చిన్నపిల్లాడిలా, వీపు వెనక్కి.

మాస్టారు గడియారం జేబులో వేసుకున్నాడు. అన్నయ్య నిలబడ్డ వైపు సుద్దగీతను చెప్పుకాలితో చెరిపేశాడు. ఓటమి అలా రాస్తారు ఇక్కడ. అన్నయ్య ఆ చెరిపిన చోట ఇంకా నిలబడే ఉన్నాడు, ఎటు పోవాలో తెలియనట్టు.

"పద్యం అయిపోయిందా అమ్మాయ్?" అన్నాడు మాస్టారు.

"లేదు."

"మరి కానివ్వు."

టికెట్ తలెత్తింది. "అమ్మ అంటే ఎవరమ్మ చెల్లీ?" అంది మెల్లగా. "చెప్పు. మేమందరం ఉన్నాం."

ఊపిరి తీసుకున్నాను. పేజీలోని ఆ ఖాళీ మీదికి వచ్చి నిలబడ్డాను. చెప్పులు విప్పుతున్న నాన్నలా కాదు, హాజరు పుస్తకంలో అంకె చదివే సూపర్‌వైజరులా కాదు, పిల్లలు పిలవకూడని పేరు పిలిచే కూతురిలా, పైన దుకాణం దాటి వీధికి వినిపించేలా, నా సొంత గొంతుతో.

"అంకె వేసి రాశారమ్మా, యంత్రం పేర పిలిచారమ్మా,
గోడలారా, వినుకోండి, ఆమె పేరు మాణిక్యమ్మ!"